‘బాగానే ఉన్నాను’ వెనక

జోరా నీల్ హర్‌స్టన్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం వదిలాక, 1925లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ మహిళా కళాశాలలో చేరింది. అప్పుడక్కడ ఆమె ఒక్కతే నల్లజాతి విద్యార్థిని. బయట ఉంటూ, పనిచేసుకుంటూ చదివి 1928లో పట్టా తీసుకుంది. ఆ ఏడాది వచ్చిన వ్యాసంలో, బర్నార్డ్‌లో అంతమంది తెల్లవాళ్ల మధ్య తన జాతి తనకి తెలిసొస్తుందంటుంది. 1942 నాటి ఆత్మకథలో మాత్రం, అక్కడి వివక్ష గురించి చెప్పడానికి కథలేమీ లేవంటుంది.

ఈ రెండో మాటని అబద్ధమని కొట్టిపారేయలేను. పక్క రాష్ట్రంలో కాలేజీకి మారి, రోజూ రెండు బస్సులెక్కి తిరిగిన రోజుల్లో నేనూ అమ్మకి ఫోన్‌లో ‘బాగానే ఉన్నాను’ అనే చెప్పేదాన్ని. కష్టపడి సంపాదించుకున్న సీటు మీద ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. ఆ మౌనాన్ని వివక్ష లేదనడానికి సాక్ష్యంగా చదవడమే మన విమర్శ చేసే పొరపాటు.