తండ్రి కథ రాసే కొడుకులు

నాన్న పోయిన ఏడాదికి ఆయన జీవితం రాద్దామని కూర్చున్నాను. కొడుకులు రాసిన తండ్రుల కథలు వెతుకుతుంటే, ఆ పనిని ఇంటి ఆచారంలా పాటించిన ఒక కుటుంబం కనిపించింది. బోస్టన్‌లోని మేథర్ల కుటుంబం.

మూలపురుషుడు రిచర్డ్ మేథర్. ఇంగ్లండ్ చర్చి తంతులకు ఒప్పుకోక పదవి పోగొట్టుకున్న పాస్టర్. 1635లో భార్యాబిడ్డలతో ఓడెక్కి, తుపానులో చావు తప్పించుకుని, మసాచుసెట్స్‌లోని డార్చెస్టర్ చేరాడు. 1669లో ఆయన పోతే, మరుసటేడే కొడుకు ఇంక్రీజ్ తండ్రి జీవితాన్ని అచ్చువేయించాడు. ఇంక్రీజ్ పెళ్లాడింది జాన్ కాటన్ అనే పేరున్న పాస్టర్ కూతుర్ని. అప్పటికే ఆ కాటన్ గారి భార్యను, ఆయన పోయాక, రిచర్డ్ మారుమనువు చేసుకున్నాడు. అంటే ఇంక్రీజ్‌కు సవతి తల్లే అత్తగారు. 1663లో పుట్టిన బిడ్డకు అమ్మమ్మగారింటి పేరే పెట్టారు: కాటన్ మేథర్. ఈ కాటన్ 1724లో తన తండ్రి జీవితం రాశాడు. 1728లో కాటన్ కన్నుమూస్తే, ఏడాది తిరిగేసరికి కొడుకు సామ్యూల్ ఆయన జీవితం రాశాడు. నాలుగు తరాలూ పాస్టర్లే. మూడు తరాల కొడుకులు పితృరుణం పుస్తకాలతో తీర్చుకున్నారు.

ఇంటి లోపలి సంగతి మాత్రం కాటన్ డైరీలో దొరుకుతుంది. ఆయనకు 15 మంది పిల్లలు. ఆయన పోయేనాటికి మిగిలింది ఇద్దరే. 1713 నవంబరులో ఇంట్లో తట్టు సోకింది. రెండు వారాల్లో భార్య ఎలిజబెత్, నెల నిండని కవలలు, రెండేళ్ల జెరూషా, ఇంట్లో పనిచేసే అమ్మాయి, అందరూ పోయారు.

అదే ఇంట్లో ఇంకొకతను ఉన్నాడు. 1706లో చర్చివాళ్లు కొని కాటన్‌కు కానుకగా ఇచ్చిన ఆఫ్రికన్ బానిస. బైబిల్లోని ఒక బానిస పేరు తీసి ఒనేసిమస్ అని పిలిచాడు కాటన్. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏ కాగితంలోనూ లేదు. నీకు మశూచి వచ్చిందా అని యజమాని అడిగితే, తమ దేశంలో పొక్కు రసాన్ని చర్మానికి గాటు పెట్టి ఎక్కిస్తారని, ఇక ఆ జబ్బు మళ్లీ రాదని చెప్పి, చేతి మీది మచ్చ చూపించాడు. 1721లో బోస్టన్‌ను మశూచి చుట్టుముట్టింది. 844 మంది చనిపోయారు. కాటన్ ఒనేసిమస్ మాట పట్టుకుని వైద్యులను బతిమాలాడు. ముందుకొచ్చింది జబ్డియల్ బాయల్‌స్టన్ ఒక్కడే. ఆయన 240 మందికి పైగా ఆ రసం ఎక్కిస్తే పోయింది ఆరుగురు. ఇలా రసం ఎక్కించడం మీద కోపం పట్టలేక ఎవరో కాటన్ ఇంట్లోకి బాంబు విసిరారు. అది పేలలేదు.

రసం ఎక్కించుకున్నవారిలో సామ్యూల్ ఒకడు. తర్వాత తండ్రి కథ రాసిన కొడుకు అతనే. ఆ కలం పట్టిన కొడుకు ఒంటి మీద కూడా ఒనేసిమస్ చెప్పిన గాటు పడింది. మేథర్ల వంశవృక్షం గీస్తే మాత్రం అందులో ఒనేసిమస్‌కు కొమ్మ ఉండదు.

ఇది చదివాక నా నోట్‌బుక్ మళ్లీ తెరిచాను. ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి. పురిట్లో పోయిన నాన్న అక్క పేరు లేదు. నాన్నను భుజాలమీద ఎత్తుకుని ఏరు దాటించి బడికి పంపిన పాలేరు పేరూ లేదు. మేనత్తకు ఫోన్ చేశాను. అక్క పేరు చెప్పి, కాసేపు ఏడ్చింది. పాలేరు పేరు అడిగితే, "మేమంతా తాతా అనే పిలిచేవాళ్లం నాయనా, అసలు పేరు ఎవరూ అడగలేదు" అంది. ఆయన మనవడు ఊళ్లోనే ఉన్నాడట.

ఈ ఆదివారం ఊరెళ్తున్నాను. ఆ పేరు తెలిశాకే నాన్న కథ మొదటి వాక్యం రాస్తాను.