ఏ పేజీ దగ్గర ఆపినారు?

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరు మీద వచ్చిన తొలి పుస్తకాన్ని అందరికంటే ముందు వదిలేసింది కృష్ణమూర్తే. 'ఎట్ ది ఫీట్ ఆఫ్ ది మాస్టర్' 1910లో అచ్చయ్యేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు. ఇందులో ఉన్నవి నా మాటలు కావు, గురువుగారివి అని ముందుమాటలోనే రాసుకున్నాడు. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళేమో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1929లో హాలెండులోని ఓమెన్‌లో, తన కోసమే కట్టిన సంఘాన్ని రద్దు చేసి, నన్ను కూడా గురువుగా పట్టుకోవద్దని చెప్పి పక్కకు జరిగాడు. అలాంటి మనిషి పుట్టిన ఊళ్ళో ఆయన పుస్తకం నాకు ఎక్కలేదని చెప్పడానికి జనం ఇప్పటికీ జంకుతారు.

మా వైపు చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఆయన పుస్తకం ఒకటైనా కనబడుతుంది. రిషివ్యాలీ చూడబోయినప్పుడు కొన్నదో, రిటైరయిన రోజు ఎవరో చేతిలో పెట్టిందో. "మన ఊరాయన" అని చూపిస్తారు. ఎంతవరకు చదివారని అడిగితే కాఫీ తాగుతారా అంటారు.

ఎండాకాలంలో వీలైన ఆదివారాలు మేం కొందరం హార్స్లీ హిల్స్ ఎక్కుతాం. పుంగనూరు నుంచి ఇద్దరు ముగ్గురు, కుప్పం నుంచి ఒక కుటుంబం, మిగతా అంతా మదనపల్లె. సంఘమూ లేదు, బ్యానరూ లేదు. గాలిబండ దగ్గర పేజీలు నిలవవు కాబట్టి చెట్ల కింద చోటు చూసుకుంటాం. ఉన్నదల్లా ఒక్కటే కట్టుబాటు. "బాగుంది", "అద్భుతం" అన్నవి ఇక్కడ చెల్లవు. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో చెప్పాలి. ఆగకుండా చదివితే ఏ ఘట్టం నిద్ర పట్టనీయలేదో చెప్పాలి. పెళ్ళి భోజనం ఎట్లా ఉన్నా బాగుందనే అంటాం. మన పుస్తకావిష్కరణ సభల్లో జరుగుతున్నదీ అదే. వక్త ముందుమాట దాటడు, శాలువా మాత్రం కప్పించుకుంటాడు. రచయితకూ ఆ సంగతి తెలుసు. పాపం, వచ్చే నెల ఆయన కూడా ఇంకొకరి వేదిక ఎక్కాలి కదా.

కృష్ణమూర్తి సంగతి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తేల్చేశారు. "ప్రతి పేజీలో నన్నే ప్రశ్న అడుగుతాడు, జవాబు చెప్పడు. సర్వీసంతా ప్రశ్నలడిగినోణ్ణి నేను. ఇంగ ఈ వయసులో నా వల్ల కాదబ్బా!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ, ఆ మాటలో మంచి విమర్శ ఉంది. పుస్తకం ఎట్లా నడుస్తుందో చెప్పింది, చదివిన మనిషి ఎవరో కూడా చెప్పింది. అన్నట్టు, కృష్ణమూర్తి తీరిక వేళల్లో ఇష్టంగా చదివినవి డిటెక్టివ్ నవలలు. ఈ ముక్క చెబితే షాడో నవలలు దాచుకుని చదివిన తరం మొహాలు వెలిగిపోతాయి.

నోటితో చెప్పకపోయినా పుస్తకం చెప్పేస్తుంది. శాఖా గ్రంథాలయంలో పాత నవల ఒకటి తీసి, మూసి ఉంచి, దాని అంచు చూడండి. వేళ్ళ మురికి మొదటి మూడో వంతు దాకా గోధుమరంగు పట్టీలాగా ఉంటుంది, ఆపైన కాగితం తెల్లగా ఉంటుంది. ఎంతమంది ఎక్కడ చేతులెత్తేశారో అక్కడ గీత పడిపోయింది. తెరిస్తే పెన్సిలు రాతలు. ఒకచోట "ఇక్కడి నుంచి బోరు" అని ఉంటే, దాని కింద ఇంకొక చేతిరాత: "నువ్వు చదవొద్దు పో". మరీ దుర్మార్గుడు ఒకడు మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి పెడతాడు. డిటెక్టివ్ నవలల అంచు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నలుపు. కొన్నిటికి ఆఖరి పేజీలే ఉండవు, ఎవరో చింపుకుపోయి ఉంటారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. బీరువాల్లోకి ఏం కొనాలో తేల్చేవాళ్ళు ఒక్కసారి ఈ అంచులు చూస్తే బాగుండు.

మా వాళ్ళలో అందరూ చివరిదాకా చదివింది కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఆయనది చిత్తూరు జిల్లా తలుపులపల్లె, ఉద్యోగం మాత్రం నిజామాబాదు వైపు కుష్ఠురోగుల ఆసుపత్రిలో. తప్పిపోయిన ఈనే పందిని వెతుక్కుంటూ ముసలివాడొకడు అడవిలోకి పోతాడు, కథంతా దాదాపు ఆ రాత్రే. పుంగనూరు నుంచి వచ్చే పాడిరైతు దాన్ని ఒక్క బిగిన చదివాడట. ఆయనను కట్టిపడేసింది అడవి కాదు, తాత్వికత అంతకన్నా కాదు. "ఈనిన పంది దగ్గరికి సొంత మనిషి పోయినా నమ్మదు సార్. ఆ ముక్క తెలిసినోడే ఇది రాయగలడు. మా ఆవులు కూడా అంతే" అన్నాడు. ఆ నవలను హెమింగ్వే ముసలివాడితో పోల్చుతూ వచ్చిన మాటలన్నీ ఆ ఒక్క వాక్యం ముందు నాకు చిన్నబోయినట్టు అనిపించింది.

అదే కేశవరెడ్డి 'మునెమ్మ' దగ్గరికి వచ్చేసరికి గొడవ. ఆ నవల వచ్చినప్పుడే తెలుగు పాఠకులు రెండు పక్షాలయ్యారు. కొండ మీద కూడా అంతే. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకామె, గిత్తకూ మునెమ్మకూ మధ్య రచయిత పెట్టిన ముడి తనకు మింగుడుపడలేదని, అక్కడే మూసేశానని చెప్పింది. పాడిరైతు ఒప్పుకోలేదు. "పశువుకు మనిషి మీద ఉండే ఇది మీకు తెలీదు మేడమ్" అన్నాడు. "తెలుసన్నా. దాన్ని ఆ ఆడమనిషి మీద ఎందుకు రుద్దాలంట?" అంది ఆమె. నా ఓటు ఆమెకే. అయినా ఆ పుస్తకాన్ని ఎవరికీ వద్దని చెప్పను. మూసేసిన పేజీ గురించి ఇంత వాదన పుట్టించే నవలలు మనకు ఎన్ని ఉన్నాయి?

కుప్పం కుటుంబంలో పెద్దాయనకు నామిని పడడు. ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం మధ్య తెలుగు మాట్లాడే ఊరు అది, పైగా ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. 'మిట్టూరోడి కతలు' నాలుగు చదివి పక్కన పెట్టాడట. "ఇంట్లో మాట్లాడుకునేదంతా అచ్చులో చూస్తే సిగ్గయింది" అన్నాడు. ఆయన కూతురు అదే పుస్తకం అవ్వకు చదివి వినిపిస్తే, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, "ఈ పిల్లోడిది ఏవూరు మే?" అని అడిగిందట. ఒకే ఇంట్లో, ఒకే పుస్తకం. పెద్దాయనది తప్పని నేననను. బడిలో పంతుళ్ళు బెత్తం పట్టి దిద్దిన తెలుగు ఆయనది, ఆ సిగ్గు అక్కడ పుట్టిందే.

నా వంతు వచ్చినప్పుడు 'అంపశయ్య' పేరు చెప్పాను. 1969 నాటి నవల, ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు. ఆ నవలే నవీన్‌కు ఇంటిపేరైపోయింది. అది గొప్ప ప్రయోగమని ఒప్పుకుంటాను. కానీ రవికి మధ్యాహ్నం కాకముందే నాకు పొద్దు గూకింది, మూసేశాను. మళ్ళీ తెరిచే ఆలోచన కూడా లేదు.

ఆ రోజు అందరికన్నా ధైర్యం చూపింది టమాటా మండీలో గుమాస్తాగా చేసే కుర్రాడు. వేలంపాటకూ వేలంపాటకూ మధ్య క్రేట్ల మీద కూర్చుని చదువుతాడు. 2023 జూలైలో కాయ కిలో రెండు వందలకు దగ్గర పడినప్పుడు మాత్రం పుస్తకం ముట్టలేదట. 'వేయిపడగలు' మీద మా మాస్టారికి ప్రాణం. ఆయన ఎదుటే, "విశ్వనాథ వారు పెద్దోరే సార్. వంద పేజీలు పోయినాక, ఈ సుబ్బన్నపేటలో నాకేం పని అనిపించింది. నాలాంటోడికి ఆ ఊళ్ళో కూలి కూడా దొరికేటట్టు లేదు" అన్నాడు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంచిలోంచి కృష్ణమూర్తి పుస్తకం తీసి కుర్రాడి చేతిలో పెట్టి, "నేను ఆపిన కాడ పేజీ మడిచి ఉండాది. నువ్వు దాన్ని దాటితే కాఫీ నాది" అన్నారు.

రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు అన్నది ఒకటి. అది ఎప్పుడూ నిజమవుతుందని నాకేం నమ్మకం లేదు, ఎవరికీ అక్కరలేని పుస్తకాలు బోలెడు. మొన్న మండీ దగ్గర కుర్రాడు కనబడితే ఎంతవరకు వచ్చిందని అడిగాను. మడత దాటి చాలా దూరం పోయాడట. "ప్రశ్నలు బాగుండాయి సార్. జవాబులు నేనే చెప్పుకుంటా ఉండా. భయం గురించి అడిగినాడు, కోపం గురించి అడిగినాడు. రేటు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క మాటా అడగలేదు" అని, పాట మొదలైందని లోపలికి పరుగెత్తాడు. మాస్టారు ఇంకా కాఫీ ఇప్పించలేదు.