ఆ యేడు శిబిరము జరుగలేదట!

మొన్నటి ఆదివారము ఆరాధన ముగిసి వెలుపలికి వచ్చుచుండగా, మా సంఘపు యువజనులు క్రొత్తగా అచ్చు వేయించిన స్మరణిక నొకదానిని నా చేతబెట్టిరి. మంచి కాగితము, అచ్చుతప్పులును తక్కువే. నానుండి ఇట్టి మెప్పు ఎంత అరుదో ఈ శీర్షికను విడువక చదువువా రెరుగుదురు. అందు వేసవి శిబిరముల పట్టిక యొకటి కలదు. సంవత్సరము, స్థలము, ప్రసంగీకులు, ధ్యానాంశము అని వరుసగా చదువుకొనుచు వచ్చి 2020కి ఎదురుగా ఆగితిని. 'కరోనా కారణమున శిబిరము జరుగలేదు' అని యున్నది. 2021కి ఎదురుగా 'పై విధముగనే' అనుటకు గుర్తుగా రెండు చిన్న గీతలు. ఆ గీతలు నాకు మిక్కిలి ఆగ్రహము కలిగించినవి. జరుగకపోవుట యేమి? 2020 శిబిరమునకు పాటల మేష్టారును నేనే కదా!

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సంఘములలో పెరిగినవారికి శిబిరమనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. సెలవులకు మూసిన బడి యొకటి దొరకవలెను. బల్లలు గోడకు చేర్చి గదులలో చాపలు పరచవలెను. పెరటిలో గాడిపొయ్యి త్రవ్వి గుండిగ నెక్కింపవలెను. తెల్లవారుజామున మామిడిచెట్ల క్రింద ఎవరి బైబిలు వారు తెరచుకొని కూర్చుండు నిశ్శబ్ద ధ్యానము మొదలుకొని, కంఠత వాక్యము ఒప్పజెప్పినగాని ఉప్మా వడ్డింపరాదను కఠిన శాసనము, బోరింగు కడ పళ్లెములు కడుగు వరుసలో పుట్టు స్నేహములు, ఎండ వాలిన పిదప చెడుగుడు, రాత్రివేళ నెగడు చుట్టును పాటలు, కడపటి రాత్రి కన్నులు మూసికొని చేతులెత్తు తీర్మానముల కూడిక, మరునాడు ఆర్టీసీ బస్సు కిటికీల నుండి వినవచ్చు వెక్కిళ్ల వరకు అదియొక సంపూర్ణమైన క్రమము. కెనడా బాప్టిస్టు మిషను నాటిన సంఘములు గాని, సాలూరు వైపు లూథరను సంఘములు గాని, నిన్నమొన్న వెలసిన స్వతంత్ర సంఘములు గాని, 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. వారి విద్యార్థి శిబిరములు గాని, సిద్ధాంతములలో ఎంత భేదించినను ఉప్మా విషయమున మాత్రము భేదింపవు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చెను. 25 నుండి లాక్‌డౌను. ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడేయు, 12న ఈస్టరును ఇండ్లలోనే గడచినవి. చిత్రమేమన, అప్పటికి మన రెండు జిల్లాలలోను ఒక్క కేసైనను లేదు. శ్రీకాకుళమున ఏప్రిల్ నెలాఖరున గాని, విజయనగరమున మే మొదటి వారమున గాని వ్యాధి బయటపడలేదు. రాష్ట్రమున దానికి కడపట చిక్కిన జిల్లా విజయనగరమే. రోగము రాకమునుపే శిబిరము పోయినది. అప్పుడు మా యువకులు జూమ్‌లో నడుపుదమని తలచి, నాకు ఫోను చేసి, "మేస్టారూ, పాటలు మీరే నేర్పాల. ఫోనెలా పెట్టాలో మీ మనవరాలికి మేం చెప్తాం" అని తీర్మానము చేసియే చెప్పిరి.

రుసుము లేని జూమ్ నలువది నిమిషములకు తానే తెగిపోవును గనుక, ప్రసంగీకుడు ఎంతటి వాగ్ధాటి గలవాడైనను నలువదవ నిమిషమున ఆమెన్ అనక తప్పినది కాదు. ఆ ఒక్క నియమమును మన ఆదివారపు ఆరాధనలకును వర్తింపజేసిన బాగుండునని పలువురకు తోచియుండును. పైకి అన్నవాడను నేనొక్కడనే. రోజునకు ఒకటిన్నర జీబీ దొరకు పిల్లలకు సాయంకాల ప్రార్థన నాటికి డేటా హరించిపోయెడిది. సీతంపేట, కురుపాం వైపు పిల్లలు సిగ్నలుకొరకు మెరకలెక్కి కూర్చుండెడివారు. గాలి హోరులో వారి వాక్యము సగమే మాకు చేరెడిది.

ఇక పాట. నలుగురు కలిసి పాడుట జూమ్‌లో కుదరని పని. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. పది మీటర్ల దూరమున నున్న గాయకుని గొంతు మన చెవి చేరుటకు సెకనులో ముప్పదవ వంతు పట్టును. ఆలస్యము అంతకు మించినచో తాళము జారిపోవును. ఫోనులోని మాట ఎక్కడి సర్వరునకో పోయి తిరిగివచ్చుటకు దానికి ఎన్నో రెట్ల కాలము కావలెను. అందుచేత పాడించువాడు తప్ప తక్కినవారందరును మైకులు మూసికొనవలసినదే. మైకులు మూయుట! ఏండ్ల తరబడి ఈ శీర్షికలో నేను మొరపెట్టుకొనుచున్న కోరిక ఆ విధముగా తీరినది. పైగా ఆ యంత్రము మనిషి గొంతును మాత్రమే మన్నించి, కీబోర్డు, ప్యాడుల మోతను గోలగా నెంచి మింగివేయును. అంతటి రసజ్ఞత యంత్రమునకు కలదని నేనెన్నడును తలంచి యుండలేదు.

కాని పాడించువాని పాటు విచిత్రమైనది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున కీర్తన తలపై రాగమును తాళమును అచ్చయి యుండుననియు, వానిని చదువు నాథుడు లేడనియు నా పాత గోడు పాఠకులకు కంఠస్థమే. పర్లాకిమిడి, శ్రీకాకుళము ప్రాంతముల వాడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు మైకు లేని కాలమున నోటినుండి చెవికి, చెవినుండి నోటికి ప్రాకి, అక్షరము రానివారి కంఠములలో గూడ నిలిచినవి. నేను వాని నొక్కొక్క చరణముగా పాడి ఆగితిని. ఎదుట పెదవులు కదలుచున్నవి, శబ్దము లేదు. నేర్చుకొనిరో లేదో తెలియుట యెట్లు? చివరకు ఒక్కొక్కరిని మైకు తెరచి పాడుమంటిని. శిబిరపు హాలులో రెండు వందల గొంతుల చాటున పెదవి కదిపి తప్పించుకొనగల పిల్లవాడు, ఇప్పుడు వంటింటిలోని తల్లియు, పంచలోని తాతయు, గోడ ప్రక్కనున్న పొరుగువారును వినుచుండగా ఒంటిగా పాడవలసి వచ్చెను. ఒక బాలిక పాడుచుండగా వెనుక నుండి ముదుసలి గొంతు, "అలా కాదే గుంటా, మా అప్ప ఇలా పాడీది" అని అందుకొని, నేను మరచిన మెట్టును పాడి వినిపించెను. ఆ పూట పాటల మేష్టారు ఆమెయే.

మరియొక కుర్రవాడు చేపల వేటకు గుజరాతులోని వెరావలునకు పోయి, లాక్‌డౌనులో చిక్కుకొని, తీరగ్రామముల మత్స్యకారులను వేలకొలదిగా స్వస్థలములకు చేర్చిన ఆ బస్సులలో వచ్చి, క్వారంటైనులో నుండి మాతో కలిసెను. వాని వెనుక గోడపై రంగుల పటమును చూచి మా పిల్లలు కేక వేసిరి: అది ఏటేట మేము శిబిరము నడుపు బడియే! ఇందరు శిబిరవాసులలో శిబిరస్థలమున నున్నవాడు వాడొక్కడే. ఇట్టివన్నియు జరిగియుండగా, 'జరుగలేదు' అని వ్రాయుటకు చేతు లెట్లాడెనో!

ఈ ధాటిలోనే వ్యాసమును ముగించి పంపుదమనుకొంటిని. కాని సాక్ష్యముల కూడిక తలపునకు వచ్చి కలము ఆగినది. శిబిరములో కడపటి రాత్రి యువకుడొకడు లేచి, తండ్రిపై పెంచుకొన్న ద్వేషమును కన్నీటితో ఒప్పుకొనుట మేము చూచియున్నదే. తండ్రి అరువది మైళ్ల దూరమున నిద్రించుచుండును. ఆ యేడు ఒక యువకుడు అట్లే మొదలుపెట్టి, నడుమ ఆగి, "నాన్న ఈడే ఉన్నాడు అయ్యగారూ, ఇప్పుడు చెప్పలేను" అని మైకు మూసికొనెను. పిదప ఆ యింట ఏమి మాటలు నడచెనో నే నడుగలేదు. ఇంకొక బాలిక కడవరకును మైకు తెరువలేదు. 'ఇంట్లో అందరూ వింటున్నారు' అని మాత్రము చాట్‌లో వ్రాసెను. చేయి ఎత్తుటకు బదులు పసుపుపచ్చని బొమ్మ నొకదానిని నొక్కవచ్చునని యువకులు చెప్పిరి. ఆమె అదియును నొక్కలేదు.

శిబిరము ఆమెకొరకే గదా పుట్టినది! 1868లో వేల్సునందలి లాండుడ్నో సముద్రతీరమున జోసయ్య స్పియర్సు అను సువార్తికుడు ఇసుకపై వాక్యము వ్రాసి, పిల్లలచేత గులకరాళ్లతో దాని నలంకరింపజేసినప్పుడు చుట్టును చేరినవారు సెలవులలో ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు. ఇంటి గోడలు వినని చోట, ఎరుగనివారి నడుమ నోరు విప్పుటకు దొరకు అవకాశమే శిబిరమునకు ప్రాణము. తెరపై మేము నడిపినది దానికి సరిగా వ్యతిరేకము: పిల్లవానిని ఇంటినుండి తీసికొనిపోవుటకు బదులు అతని విశ్వాసమును ఇంటివారి యెదుట నిలువబెట్టితిమి. కొందరు దాని కోర్చిరి. కొందరకు అది మోయరాని భారమైనది. స్మరణిక అచ్చు వేయించినవారు నావలె ఇంత దూరము ఆలోచించిరో లేదో గాని, వ్రాసినది సత్యమే. ఆ యేడు శిబిరము జరుగలేదు. జరిగినది వేరొకటి; అది శిబిరముకంటె కఠినమైనది, కొన్నిచోట్ల ఎక్కువ ఫలించినది, కాని శిబిరము చేయగల పనిని చేయలేనిది.

కాబట్టి ఈ వేసవిలో శిబిరములు నడుపు అయ్యగార్లకును యువజనులకును నా విన్నపమిది. పిల్లలను తప్పక తీసికొనిపొండు. ముఖ్యముగా ఆడపిల్లలను, తల్లిదండ్రుల కాళ్లావేళ్లా పడియైనను తీసికొనిపొండు. వారిని బస్సెక్కించి పంపినంత మాత్రమున పని ముగిసినదని మాత్రము తలంపకుడు. తరువాతి వారములలో సాయంకాలమున కొక్క ఇంటి చొప్పున వారి అరుగుమీద కూడిక పెట్టి, నేర్చిన కీర్తనను ఇంటివారి యెదుట పాడించుడు. నాయనమ్మ అందుకొన్నచో ఆమెను పాడనిండు. దానికి మైకు అక్కరలేదు.