దశావతారాలు, పరిణామవాదం, పక్షి పుట్టుక

పరిణామవాదాన్ని దెబ్బతీయడానికి మతఛాందసులు తొక్కే మార్గాలు రెండు. ఒకటి, బాహాటంగా కాదనడం. 1925లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం ఆ మార్గమే తొక్కి, మనిషి కిందిస్థాయి జంతువుల నుంచి వచ్చాడని పాఠం చెప్పినందుకు ఒక ఉపాధ్యాయుణ్ణి బోనెక్కించింది. రెండవది, ఇందులో కొత్తేముంది, మా పెద్దలు ఎప్పుడో చెప్పారు అనడం. 2018 జనవరిలో మన కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు గనుక డార్విన్ చెప్పింది తప్పని ప్రకటించి మొదటి మార్గం పట్టారు. ఏడాది తిరగకుండానే, 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి రెండవ మార్గం పట్టారు. డార్విన్ సిద్ధాంతం కంటె దశావతారాలే మేలన్నది ఆయన వాదం. కాదనేవాడితో తలపడవచ్చు. ధృతరాష్ట్రుడిలా కౌగిలించుకునేవాడితోనే చిక్కు. కనుక ఈ రెండవ వాదాన్నే నిదానంగా పరీక్షిద్దాం.

చేప నీటిలో ఉంటుంది. తాబేలు నీటిలోనూ నేలమీదా ఉంటుంది. వరాహం నేలమీది జంతువు. నరసింహుడు సగం మృగం, సగం మనిషి. వామనుడు పొట్టి మనిషి. ఆ తరువాత గొడ్డలి పట్టినవాడు, విల్లు పట్టినవాడు. చూశారా క్రమం, అంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. కాని ఈ అన్వయం ప్రచారంలోకి వచ్చింది 1859లో డార్విన్ గ్రంథం వెలువడిన తరువాతనే. దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లో తన గ్రంథంలో ఈ పోలిక తెచ్చింది. జవాబు తెలిసిపోయాక పొడుపుకథ విప్పడం గొప్ప కాదు.

పురాణాన్ని పురాణంగా చదివితే ఈ క్రమం ఒక్క ఘడియ నిలవదు. పోతన భాగవతం తీయండి. చేపపిల్ల దొరికింది సత్యవ్రతుడనే రాజు దోసిట్లో. అంటే మొదటి మెట్టుమీదనే మనిషి నిలబడి ఉన్నాడు! కూర్మం మందరగిరిని మోసేనాటికి దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టి లాగుతున్నారు. రామాయణంలో పరశురాముడూ శ్రీరాముడూ ఎదురుపడి మాట్లాడుకున్నారు. ఒక దశ మరొక దశ చేతికి విల్లు అందించింది! ఇక నరసింహుడు నరుడూ మృగమూ కాకపోవడానికి కారణం ఆయన పరిణామంలో నడిమి మెట్టు కావడం కాదు. హిరణ్యకశిపుడు కోరిన వరంలో ఆ సందు మిగిలిపోయింది, అంతే. చావుకు అన్ని తలుపులూ మూశానని విర్రవీగిన నిరంకుశుడు మూయడం మరచిన తలుపు ఒకటి ఉంటుందన్నదే ఆ కథకు ప్రాణం. దాన్ని జీవశాస్త్ర పాఠంగా మార్చేవారు శాస్త్రానికే కాదు, పోతనకూ ద్రోహం చేస్తున్నారు.

మరొక ప్రశ్న. ఈ పదింటిలో పక్షి ఏదీ? గరుత్మంతుడు వాహనమేగాని అవతారం కాదు. హంసను లెక్కించే పట్టికలు వేరు. ఈ వాదుల పదింటిలో అది లేదు. కాగా పరిణామవాదానికి లభించిన తొలి బలమైన సాక్ష్యాల్లో పక్షి ఒకటి.

1861లో జర్మనీలో, బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతి గనుల్లో ఒక శిలాజం బయటపడింది. ఈకలున్నాయి గనుక పక్షి అనాలి. కాని రెక్కలకు గోళ్ళున్న వేళ్ళూ, వెనుక బల్లికి వలె పొడుగాటి ఎముకల తోకా ఉన్నాయి. తరువాత దొరికిన నమూనాలో దవడలకు పళ్ళు కూడా స్పష్టంగా కనిపించాయి. దాని పేరు ఆర్కియోప్టెరిక్స్. వయస్సు సుమారు 15 కోట్ల ఏళ్ళు. దాన్ని 1862లో బ్రిటిష్ మ్యూజియం కోసం కొన్న రిచర్డ్ ఓవెన్ డార్విన్‌కు గట్టి ప్రత్యర్థి. ప్రత్యర్థి కొన్న రాయే డార్విన్ పక్షాన సాక్ష్యం పలికింది. 1868లో హక్స్‌లీ పక్షులకూ రాక్షసిబల్లులకూ గల బంధుత్వాన్ని వివరించాడు. పక్షులకూ సరీసృపాలకూ నడిమి గీత నానాటికీ చెరిగిపోతున్నదని ఎంగెల్స్ తన 'ప్రకృతి గతితర్కం' రాతల్లో గుర్తించాడు.

కాని కథ అక్కడ ముగియలేదు. 1926లో హైల్మన్ తన గ్రంథంలో ఒక చిక్కు చూపాడు. కొన్ని మాంసాహార రాక్షసిబల్లులు పక్షులను ఎంతగా పోలి ఉన్నా, వాటికి మెడ కింది జత్రుక ఎముక కనిపించలేదు, పక్షులకు ఉంది. ఒకసారి పోయిన అవయవం తిరిగి రాదు. కనుక పక్షుల మూలపురుషుడు అంతకంటె పాతదైన వేరొక సరీసృపమని ఆయన తీర్పు. దాదాపు నలభై ఏళ్ళు ఆ మాటే చెల్లింది. 1964లో ఆస్ట్రం అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మోంటానాలో డైనోనికస్ ఎముకలు కనుగొనడంతో తగవు మళ్ళీ లేచింది. లేదన్న ఎముక ఒక్కొక్క రాక్షసిబల్లిలోనే తేలింది. అసలు 1924లోనే వర్ణించిన మంగోలియా ఓవిరాప్టర్‌లో అది ఉంది. అప్పట్లో దాన్ని వేరొక ఎముకగా పొరబడ్డారు. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో ఒంటినిండా ఈకల వంటి నూగు ఉన్న చిన్న రాక్షసిబల్లి, సైనోసారోప్టెరిక్స్, వెలుగు చూసింది.

శాస్త్రజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు కదా అని ఇక్కడ ఛాందసులు చప్పట్లు కొడతారు. రాక్షసిబల్లి మూలాన్ని ఏళ్ళ తరబడి కాదన్న ఫెడుచియాను తమవాడుగా ఉదహరిస్తారు. ఆయన పరిణామాన్ని కాదన్నవాడు కాడు. ఏ శాఖ నుంచి అన్నదే ఆయన తగాదా. 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రకటించిన ఆర్కియోరాప్టర్ వేర్వేరు జంతువుల ముక్కలు అతికిన మోసమని ఎత్తి చూపుతారు. నిజమే. కాని ఆ తోక వేరే జంతువుదని రెండవ రాతిపలక తెచ్చి రుజువు చేసింది షూ షింగ్ అనే శిలాజ శాస్త్రజ్ఞుడే గాని ఏ మఠాధిపతీ కాదు. ఇక్కడ తగవు తీర్చేది హోదా కాదు, ఎముక. మరి దశావతార వాదం తప్పని ఏ ఎముక చూపగలదు? పక్షి లేకపోయినా దానికి నష్టం లేదు. వంద పక్షులు దొరికినా లాభం లేదు. ఏది దొరికినా ఓడిపోని వాదం దేన్నీ వివరించని వాదం.

ఈ గీటురాయి మనకూ వర్తిస్తుంది. 1948లో సోవియట్ యూనియన్‌లో లైసెంకో మాటను అధికార సిద్ధాంతం చేసి జన్యుశాస్త్రాన్ని అణచివేశారు. అంతకు ముందే, 1943లో, వావిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు జైలులో కన్నుమూశాడు. పొలంలో తేలవలసిన విషయాన్ని పీఠం తేల్చబోతే, పీఠం మీద ఉన్నది స్వామి అయినా కార్యదర్శి అయినా, నష్టపోయేది ప్రజలే. డార్విన్ మనకు వేదం కాకూడదు.

ఇదంతా పండితుల కాలక్షేపమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్సు పుస్తకంలో 'వంశపారంపర్యం, పరిణామం' అన్న అధ్యాయం వంశపారంపర్యంగా మాత్రమే మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ నిరసన లేఖపై సంతకాలు చేశారు. తొలగిన పేజీల్లోనే ఉంది మన పక్షి: ఈకలు మొదట చలికి కప్పుగా పుట్టి తరువాత ఎగరడానికి పనికివచ్చాయనీ, కొన్ని రాక్షసిబల్లులకు ఈకలుండేవనీ చెప్పే భాగం. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో పరిణామం ఉందిగా అని సమాధానం చెప్పారు. పదితో బడి మానేసి పనిలోకి పోయే పిల్ల ఎవరి బిడ్డ? ఆ బిడ్డకు అందని జ్ఞానం పై తరగతుల్లో భద్రంగా ఉందనడం ఏ న్యాయం?

దేవుడికి దండం పెట్టుకునే రైతుకూలీతో మనకు తగవు లేదు. ఆమె నమ్మకం ఎవరి పుస్తకాన్నీ చింపలేదు. నమ్మకాన్ని శాస్త్రపు పీటమీద కూర్చోబెట్టి, శాస్త్రాన్ని బడి బయటకు నెట్టే అధికారంతోనే మన తగవు.

కనుక ఉపాధ్యాయులు ఆ పాఠం చెప్పాలి. పుస్తకంలో లేకపోతే నోటితో చెప్పాలి. ఆదివారం ఇంట్లో కోడికూర వండితే, మెడ కింద ఉండే ఆ రెండు పాయల ఎముకను కడిగి సోమవారం తరగతికి తెమ్మని పిల్లలకు చెప్పాలి. హైల్మన్ లేదనుకున్నదీ, ఓవిరాప్టర్‌లో తేలిందీ ఆ ఎముకే. దాన్ని ముందు చేతిలో పట్టుకోనివ్వండి. ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.