పదహారు పూసల పేట

చూపుకి మంచినీళ్ళే, కాస్త చిక్కన. కారుతున్న రక్తం మీద పడిందంటే లేత తాటిముంజలా తేటగా బిగుసుకుంటుంది. నూటికి రెండున్నర పాళ్ళే సరుకు, మిగతాదంతా నీరు. పేరు రాడా-16.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. మన ఒంటి ప్రోటీన్లలో పూసలు వందల్లో ఉంటాయి, 20 రకాలు. దీంట్లో 16 పూసలే, మూడే రకాలు. ఆర్జినిన్, అలనిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, మళ్ళీ అలనిన్: ఈ వరుసే నాలుగుసార్లు. ఛందస్సు తెలిసినవారికి ఒకే గణంతో నడిపిన పాదం గుర్తొస్తుంది.

కిటుకంతా వరుసలో ఉంది. దండ సాగితే పూసలు ఒకటి విడిచి ఒకటి ఎదురు పక్కకి తిరుగుతాయి. నీరంటే గిట్టని అలనిన్‌లన్నీ ఒక ముఖాన చేరతాయి, ధన, ఋణావేశాలున్నవి రెండో ముఖాన. ధనం ఋణాన్ని పట్టుకుంటుంది. అలనిన్ ముఖాలు నీటికి చిక్కకుండా ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. సుమారు 10 నానోమీటర్ల మందం ఉన్న పోగులు పడతాయి, అవి అల్లుకుని వలవుతాయి. మగ్గం లేదు, నేతగాడు లేడు.

మరి సీసాలోనే ఎందుకు బిగుసుకోదు? అక్కడిది ఆమ్ల ద్రావణం. ఋణావేశాలు అణిగి ధనానిదే పైచేయి కావడంతో పోగులు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. రక్తంలోని లవణాలు తగిలి ఆమ్లం విరిగాకే ఆ తోపులాట ఆగుతుంది. తన చోటు వచ్చేదాకా ఇలా ఊరుకోవడమే నాకు అన్నిటికంటే నచ్చింది.

దీని పుట్టిల్లు ఈస్ట్. అమెరికాలోని ఎంఐటీలో షుగువాంగ్ జాంగ్, ఎడమకి మెలితిరిగిన డీఎన్ఏని పట్టే ప్రోటీన్ కోసం వెతుకుతూ జుయోటిన్‌ని కనుగొన్నాడు (చైనా భాషలో జువో అంటే ఎడమ). అందులో ఇలా మళ్ళీమళ్ళీ వచ్చే వరుసొకటి కంటబడింది. దాన్ని విడిగా తయారుచేసి ఉప్పు కలిపితే కంటికి కనిపించే పొర కట్టింది. 1993లో ఆ సంగతి ప్రకటించారు. రాడా దానికి తమ్ముడి వరస.

2006లో రట్లెడ్జ్ ఎల్లిస్-బెంకే బృందం హామ్‌స్టర్ల మెదడులో చూపు నాడిని కోసి, ఆ కోతలో రాడా ద్రావణం పోసింది. తెగినచోటు దాటి నాడులు పెరిగాయి, చూపు కొంత తిరిగొచ్చింది. జంతువుల గాయాల్లో 15 సెకన్లలోపే రక్తం ఆగడమూ చూశారు.

బలం మాత్రం తక్కువ. బరువు మోసే ఎముకకి దీన్ని నమ్ముకోలేం. కానీ దీనికి సుగుణాలూ ఉన్నాయి: పశువుల చర్మం నుంచి తీసింది కాదు, పని ముగిశాక అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ప్యూరాస్టాట్ పేరుతో ఇవాళ ఎండోస్కోపీలో పేగుల రక్తస్రావం ఆపడానికి వాడుతున్నారు. అది తేటగా ఉండడం వల్ల, రక్తం ఎక్కడినుంచి వస్తోందో డాక్టరుకి దాని గుండానే కనిపిస్తుంది.