నొప్పి నెరిగిన చేతులు

ధనుర్మాసము మొదలు సంక్రాంతి వరకు తిరుపతిలో పండుగల సందడికి విరామముండదు. వైకుంఠ ఏకాదశికి అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి, మోకాళ్ళ మిట్ట దాటి, స్వామిని సేవించి దిగివచ్చిన యాత్రికుని పిక్కలు రాళ్ళవలె బిగిసియుండును. వచ్చిన బంధుజనమునకెల్ల వండి వడ్డించిన యిల్లాలి నడుమునకు కలుగు బాధయు అంతకు తక్కువది కాదు. భోగినాడు బిడ్డలందరికి తలంటు పోయు ఆ తల్లి తన పాదములకు చమురు రాచుకొనుట మరచునుగదా!

చిత్తూరు సీమ పల్లెలలో మర్దనము తరతరములుగా నాయీబ్రాహ్మణుల చేతివిద్య. పనితన మెరిగినవాడు నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి, మొదట తన అరచేతులకు రాచుకొని, చీలమండ నుండి మోకాటివైపునకు బొటనవ్రేళ్ళతో మెల్లగా ఒత్తుచు పోవును. కండరము ముడివడిన చోట వ్రేలు తనంతట తానే ఆగును. ఆ యాగుటలోనే యున్నది నేర్పంతయు. బలము చూపుట మర్దనము కాదు.

ఆయుర్వేదాచార్యుడైన వాగ్భటుడు అష్టాంగహృదయమున అభ్యంగము, అనగా నూనె మర్దనము, శ్రమను, వాతమును హరించి సుఖనిద్ర నొసగునని చెప్పి, శిరస్సును, చెవులను, పాదములను విశేషముగా పేర్కొనెను. అజీర్ణముతో నున్నవారికి కూడదనియు హెచ్చరించెను. కండరముల నొప్పి కొంతకాలము ఉపశమించుననియు, మనస్సు కుదుటపడుననియు నేటి వైద్యులును అంగీకరింతురు. అయితే ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా నున్నచో లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. అట్టి కాలిని చూచిన మంచి పనివాడు చేయి వెనుకకు తీసికొని, రోగిని వైద్యునికడకు పంపును.