ఏకచక్రపురమున కుంతి: పెక్కుబిడ్డల తల్లి ఆనందము

చింతామణి తాలూకాలోని కైవారమును ఆ ప్రాంతపు ప్రజలు భారతమునందలి ఏకచక్రపురముగా నెన్నుచున్నారు. భీముడు బకాసురుని కూల్చినది అక్కడి కొండపైననే యనియు, శివరాత్రినాడు ఆ కొండనుండి నెత్తురువంటి ద్రవము ఊరుననియు జనశ్రుతి కలదు. ఊరిలోని భీమలింగేశ్వరాలయము భీముని పేరనే వెలసినది. ఏకచక్రపురము తమదే యని చెప్పుకొను ఊళ్లు బీహారులోని ఆరా, వంగదేశములోని బీర్భూము ప్రాంతము మొదలుగా మఱికొన్ని గలవు గనుక, స్థలనిర్ణయమును చరిత్రకారులకు విడుచుటయే మేలు. సాహిత్య విమర్శకు వలసిన సంగతి వేఱు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఇంట తెలుగును, బడిలోను కచేరీలోను కన్నడమును మాటలాడు జనము ఈ కథను తమ ఊరి కథగా చెప్పుకొనుచున్నారు. ఆ కథ పైకి రాక్షసవధ. లోపల చూచిన, పిల్లలుగల రెండిండ్ల ముచ్చట.

ఈ ఘట్టమును వ్యాఖ్యానించినవారు సాధారణముగా కుంతి త్యాగమును, కృతజ్ఞతను, క్షత్రియకాంతకు దగిన తెగువను మెచ్చుకొందురు. ఆ మెప్పు అన్యాయము కాదు. కాని దానితోపాటు ఒక తప్పుడు లెక్కయు చెలామణి యగుచున్నది. బ్రాహ్మణునకు కొడుకొక్కడే, కుంతికి అయిదుగురు; కావున ఒకని నిచ్చుట ఆమెకంత కష్టము కాలేదని పలువురి భావము. తరగతిగదులలోను, పురాణకాలక్షేపములలోను ఈ మాట వినబడుచునే యుండును. బిడ్డలు పెక్కండ్రు గల తల్లి మనసు, ఒక్క బిడ్డ తల్లి మనసుకంటె మొద్దుబారి యుండునను ఊహ దీనికి మూలము. రాజరాజనరేంద్రుని ప్రేరణమున పదునొకండవ శతాబ్దిలో నన్నయ తెనిగించిన ఆదిపర్వమును, దానికి మూలమైన వ్యాసభారతమును ఎదుటనుంచుకొని చదివినవారికి ఈ ఊహ నిలువదు.

ముందుగా అన్నము సంగతి. లక్కయింటినుండి తప్పించుకొని వచ్చిన పాండవులు బ్రాహ్మణ వేషములతో ఏకచక్రపురమున ఒక విప్రుని యింట తలదాచుకొనిరి. పగలు భిక్షకు పోయి, తెచ్చినదంతయు తల్లి ముందుంచుదురు. అందు సగము భీమునకే. తక్కిన సగము నలుగురన్నదమ్ములకును తల్లికిని. కథకుడు ఈ పంపకమును ఒక్క మాటలో చెప్పి సాగిపోవును. చదువరులును భీముని ఆకలికి నవ్వి ఊరకుందురు. అయితే పంచినది భీముడు కాదు, కుంతి. ఒకనికి సగము పెట్టినను తక్కినవారిలో నెవ్వరును మాఱుమాట పలికినట్లు కథలో లేదు. రాగిముద్ద తిని పెరిగిన ఈ మూడు తాలూకాలవారికి దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు. సంగటి కెలికి, చేయి తడిచేసికొని ముద్దలు కట్టు తల్లి అన్నిటిని ఒకే కొలతకు చేయదు. చేనిలో దున్ని వచ్చినవాని ముద్ద వేఱు. జ్వరము తగ్గి లేచిన పిల్లదాని ముద్ద వేఱు. తన ముద్ద కడపటిది, తఱచుగా చిన్నది. ఆ పంపకము జరుగునప్పుడు ఆమె మొగమున కనబడు నిండుదనమే బహుసంతానవతి ఆనందమునకు మొదటి గుర్తు.

ఈ అలవాటే పిమ్మట ఒక పెద్ద చిక్కును తెచ్చినది. పాంచాలనగరమున కుమ్మరి యింట లోపల నున్న కుంతి, కొడుకులు ద్రౌపదిని వెంటబెట్టుకొని వచ్చి భిక్ష తెచ్చితిమనగానే, తలయెత్తి చూడకయే అందఱును కలిసి అనుభవింపుడనెను. ఈ మాటకు ధర్మశాస్త్రరీత్యా పెద్దలెన్నో సమాధానములు చెప్పిరి. పిల్లలు పెక్కండ్రున్న యింట దినదినము పలికిన మాట నాలుకకు వచ్చినదనుట వానికంటె సులభము, సహజము. ద్రౌపది బ్రతుకును తలక్రిందులు చేసిన మాట అది. పంచుటలో ఆరితేరిన తల్లికిని ఆనాడు చేయి తప్పినది.

ఇక ఆశ్రయమిచ్చిన విప్రుని యిల్లు. అది చిన్న సంసారము: భార్య, భర్త, ఒక కూతురు, ముద్దుపలుకుల కొడుకు. బకునకు బండెడు అన్నముతోపాటు ఒక మనిషిని పంపవలసిన వంతు ఆ యింటికి వచ్చినది. నేను పోయెదనని తండ్రి, కాదు నేనని తల్లి, నన్ను పంపుడని కూతురు వాదులాడిరి. తండ్రికి కొడుకుపై మక్కువ యెక్కువ యని కొందఱందురు, కూతురుపై నని కొందఱందురు, నాకు మాత్రము ఇరువురును సమానులే యని ఆ తండ్రి పలికిన పలుకు మూలమున గమనింపదగినది. అంతలో పసివాడు ఒక గడ్డిపుల్లను పట్టుకొని, దీనితో రాక్షసుని చంపెదనని ఒక్కొక్కరి యొద్దకు పోయి చెప్పెను. అంతటి దుఃఖములోను ఇంటిల్లిపాదికి సంతోషము కలిగెను. అదే సమయమని యెఱిగి కుంతి వారిని సమీపించెను.

అంతకుముందు ఏడ్పు వినబడగానే ఆమె ఆ యింటి లోపలికి పోయిన తీరును వ్యాసుడు, కట్టివేసిన దూడకై త్వరపడు ఆవుతో పోల్చినాడు. ఉపమానమును ఒక్క క్షణము ఆగి చూడవలెను. కట్టబడిన దూడ ఆమెది కాదు; ఏడ్చుచున్నది పరుల యిల్లు. అయినను కవికి తోచినది ఆవే. అయిదుగురిని సాకిన చేతులకు ఆఱవ యేడ్పును పరాయిదిగా వినుట చేతగాలేదు. కృతజ్ఞత, రాజధర్మము మొదలగు కారణములు ఆమె పిమ్మట కొడుకునకు చెప్పినవి. పరుగు వానికంటె ముందుది.

నాకయిదుగురు కొడుకులున్నారు, వారిలో నొకడు పోవునని కుంతి అనగా, అతిథి ప్రాణము తీయజాలనని బ్రాహ్మణుడు చెవులు మూసికొన్నంత పని చేసెను. అప్పుడామె యిచ్చిన ఉత్తరమే ఈ ఘట్టమునకు ఆయువుపట్టు: నూర్గురు కొడుకులున్నను నాకు వారిలో అక్కరలేనివాడు ఒక్కడును ఉండడని. తప్పుడు లెక్క వేయువారు అయిదుగురను మాటను విని, నూర్గురను మాటను వినిపించుకొనలేదు. కొడుకులలో ఎవడో ఒకడు పోవుగాక యని ఆమె తలపులో లేదు. పోవలసినవాడెవడో, ఏల పోవలెనో ఆమె యెఱుగును. ఇంటికి వచ్చిన ధర్మరాజు, ఎవని భుజబలమును నమ్ముకొని మనము నిద్రించుచున్నామో వానినే యిచ్చితివా, కష్టములచే నీకు మతి తప్పినదా యని తల్లిని నిందించినప్పుడు ఆమె చెప్పినది శాస్త్రము కాదు, ఒక పసితనపు ముచ్చట. పుట్టిననాడు తన ఒడినుండి భీముడు రాతిపై పడగా, రాయి పొడియైనదట! వారణావతమునుండి అందఱను మోసికొనివచ్చినవాడును వాడే గదా యని తరువాతి మాట. బిడ్డలు పెక్కండ్రైన తల్లి వారిని గుంపుగా నెఱుగదు. ఒక్కొక్కరిని గూర్చి ఒక్కొక్క ముచ్చటను ఒడిలో దాచుకొనును. వేళ వచ్చినప్పుడు సరియైనదానిని తీయును.

ఈ అయిదు అను సంఖ్య యెట్లేర్పడినదో కూడ చూడవలెను. పాండురాజునకు సంతానకాంక్ష తీరలేదు. ముగ్గురైన పిమ్మట ఇంకను కావలెనని అడుగగా కుంతి ధర్మమును చూపి నిరాకరించినది. బహుసంతానమును కీర్తించువారు ఈ నిరాకరణమును దాటవేయుట న్యాయము కాదు. మాద్రికి మంత్రమిచ్చి, ఆమె అశ్వినులను పిలిచి ఒక్కసారి యిరువురను కనగా, మఱల ఇచ్చుటకు కుంతి ఒప్పుకొనలేదు. సవతి తన్ను మించునను శంక ఆమెకు కలిగినది. కవి ఆ యీర్ష్యను దాచలేదు. దాచకపోవుటవలననే, మాద్రి సహగమనానంతరము ఆ కవలలు కుంతి లెక్కలో చేరిన తీరు మఱింత విలువైనదిగా కనబడును. ఏకచక్రపురమున నాకయిదుగురన్నప్పుడు ఆమె కడుపున పుట్టినవారు అందులో ముగ్గురే.

గాంధారి సంగతి వేఱు. కుంతి ప్రసవవార్త విని ఓర్వలేక కడుపు మోదుకొనగా పుట్టిన మాంసపిండము నూఱు నేతికుండలలో పెరిగినది. ఆ నూర్గురిలో చదువరులకు పేరుతో తెలిసినవారు నలుగురైదుగురు, తక్కినవారు జాబితా. అయితే దీనిని బట్టి గాంధారిని రాతిగుండెగా నెంచుట పొరపాటు. నూర్గురు కలిగినను ఒక కూతురు కావలెనని ఆమె కోరుకొన్నదని కథ. స్త్రీపర్వమున యుద్ధభూమిలో ఒక్కొక్క కొడుకును ఆమె గుర్తించి ఏడ్చిన తీరు చదివిన పిమ్మట, జాబితా మనది గాని ఆమెది కాదని తెలియును.

ఈ ప్రాంతపు వాడుకమాటలు కూడ ఈ చదువునకు తోడు వచ్చును. ఇక్కడివారు గంపెడు పిల్లలందురు. చెనక్కాయలను కొలిచిన గంపయే పిల్లలకును కొలత. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, కడగొట్టుది అని వరుసకొక పేరు. తిప్పయ్య, పెంటయ్య అను పేర్లు కలవు. అవి ముందు పుట్టినవారు దక్కని యిండ్లలో, దిష్టి తగులకుండునట్లు పెట్టినవి. గంపలో ఎందఱు మిగిలిరో చెప్పునప్పుడు ఎందఱు మిగులలేదో తలచుకొనక తప్పదని ఆ పేర్లు తెలుపుచున్నవి. వీనియన్నిటిలో సాకమ్మ యను పేరు విచిత్రమైనది. కైవారపు నారేయణ యోగి తెలుగున, కన్నడమున రెంట రచించినట్లే, ఇచ్చటి మాటలును రెండిండ్ల కాపురము చేయును. కన్నడమున సాకు అనగా చాలు. ఆడుపిల్లలు వరుసగా పుట్టినప్పుడు ఇక చాలునని పెట్టిన పేరది. అదే మాటకు పెంచుట యను అర్థము కన్నడమునను కలదు, తెలుగునను కలదు. తండ్రి విసుగుతో చాలమ్మ యని పిలిచిన బిడ్డను తల్లి అదే పేరుతో పెంచినది. పిలుపు ఒక్కటే, పిలిచినవారి మనసును బట్టి అర్థము మాఱినది.

ఇట్టి యిండ్లు ఇప్పుడు అరుదు. 2007 వఱకు కోలారు జిల్లాలో భాగముగా నుండిన ఈ తాలూకాలు పాత మైసూరు సంస్థానములోనివి. సంతాననిరోధ చికిత్సాలయములను ప్రభుత్వపక్షమున తెఱచుటకు ఆ సంస్థానము 1930లోనే పూనుకొన్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో కర్ణాటక స్త్రీకి సగటు సంతానము 1.7, ఆంధ్రప్రదేశమునను అంతే. తల్లుల ఆయువును, చదువును తలచినచో దీనికి చింతింపవలసినది లేదు. వరుస కాన్పులతో చిక్కి శల్యమైన స్త్రీలకు బహుసంతానము భాగ్యమని ఎవరు చెప్పినను అది పురుషుని మాటయే యగును. కుంతి ముగ్గురితో ఆగిన మాటను మఱల చదువవలెను. అయితే 2007లో జిల్లాగా ఏర్పడిన చిక్కబళ్లాపురపు తెలుగు తరగతులలో నేడు కూర్చున్న బాలబాలికలు ఎక్కువగా ఇద్దరు పిల్లల యిండ్లవారు. నడిపోడు అను మాట వారికి అవ్వ నోటి మాట. వారు సహజముగా విప్రుని యింటి పక్షము వహింతురు. కుంతికి ఇంకను నలుగురు మిగులుదురుగదా యని లెక్క వేయుదురు. వారికి ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు నూర్గురను మాటను విడిచిపెట్టినచో, కుంతి వారికి ధారాళముగా దానము చేసిన ధనికురాలుగానే మిగిలిపోవును.

కడపటిగా, ఆ లెక్కలో దాగిన మఱియొక సంగతి. నాకయిదుగురని విప్రునితో అన్న దినమునకు కుంతి తన తొలిచూలి కొడుకును హస్తినలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శనమునాడు చూచియే యున్నది. కవచకుండలములను గుర్తించి మూర్ఛిల్లినది. కావున ఆ అయిదు, ఆఱు నెఱిగి చెప్పిన అయిదు. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వమున ఆమె కర్ణుని యొద్దకు పోయినప్పుడు అతడును అదే సంఖ్యను ఆమెకు తిరిగి యిచ్చినాడు: అర్జునుడు పోయినను నేను పోయినను నీకెప్పుడును అయిదుగురు కొడుకులే యుందురని. తల్లి నోటి అబద్ధమును కొడుకు ఆమెకు వరముగా మార్చి యిచ్చినాడు. అంతకన్న కఠినమైన వరము భారతమున వెదకినను దొరకదు.

యుద్ధమైన పదునైదేండ్లకు ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరెను. గెలిచిన కొడుకులను విడిచి కుంతియు వెంట నడచెను. కన్నులకు గంత కట్టుకొన్న గాంధారి చేయి కుంతి భుజముపై, అంధరాజు చేయి గాంధారి భుజముపై. నూర్గురను కని ఒక్క కొడుకును మిగుల్చుకొనని తల్లికి దారి చూపుచున్నది అయిదుగురు మిగిలిన తల్లి. ధర్మరాజు బ్రతిమాలినను ఆమె మరలలేదు. పోవుచు అతనితో రెండు పేర్లు ప్రత్యేకముగా చెప్పినది. సహదేవుని విషయమున ఏమఱకుమని ఒకటి. వాడు తాను కనని కడగొట్టువాడు. కర్ణుని ఎల్లప్పుడును తలచుకొనుచుండుమని రెండవది.